పాత కారు హెడ్‌లైట్లు మసకబారితే: బల్బు కొనేముందు వోల్టులు కొలవండి

ఏపీ 36 నంబరు ప్లేటుతో వరంగల్, హన్మకొండ రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న మారుతి 800లు, జెన్‌లు, ఇండికాలు, శాంత్రోలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువవాటికి ఇంజను బాగానే ఉంటుంది, చీకటి పడితేనే ఇబ్బంది. ములుగు దాటి ఏటూరునాగారం వైపు పోయే 163వ జాతీయ రహదారి మీదో, నర్సంపేట రోడ్డు మీదో కోతల కాలంలో రాత్రిపూట బండి నడిపినవాళ్లకు ఆ సంగతి తెలుసు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ నింపాదిగా పోతుంటుంది. నల్లటి బర్రె రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బర్రె కంటబడి బ్రేకు మీద కాలు పడేలోపే ఆ దూరం అయిపోతుంది. అందుకే హెడ్‌లైటు పనిని "తర్వాత చూద్దాంలే" అని వాయిదా వేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

లైటు తగ్గగానే మనం మొదట కొనేది కొత్త బల్బు. దానితో తృప్తి లేకపోతే ఇంకా పెద్ద వాట్ల బల్బు. పాత బండ్లలో చాలాసార్లు బల్బు తప్పేమీ ఉండదు. బ్యాటరీ దగ్గర బయలుదేరిన వోల్టేజి బల్బు దాకా పూర్తిగా చేరదు, దారిలోనే కొంత పోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుంది. 15 శాతం తగ్గితే వెలుతురు 40 శాతానికి పైగా పోతుంది. కాబట్టి ఒకటిన్నర వోల్టు ఎక్కడ పోతుందో కనిపెట్టడమే మన పని. దానికి మీటరు కావాలి, కొంచెం ఓపిక కావాలి.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు. దానితోపాటు ఒక టెస్ట్ ల్యాంపు చేసుకోండి: ఇండికేటరులో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బును హోల్డరులో పెట్టి, రెండు వైర్లు తీసి, చివర్లకు మొసలి క్లిప్పులు బిగిస్తే అయిపోయింది. బ్యాటరీ టెర్మినళ్లకు 10 నంబరు స్పానరు, సాండ్ పేపరు, వైరు బ్రష్షు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, కాస్త వాజిలైను, 2.5 చదరపు మిల్లీమీటర్ల దొడ్డు వైరు రెండు మూడు మీటర్లు, వైరు చివర బిగించే లగ్గులు నాలుగు ఉంచుకోండి. లోపల కూర్చుని స్విచ్చు వేసి ఆపడానికి ఇంట్లో ఒకరిని పిలవండి. ఒక్కరే అయితే పని రెండింతలవుతుంది.

చేతి ఉంగరం, గడియారం తీసేయండి. ఉంగరం బ్యాటరీ పాజిటివ్‌కూ బాడీకీ మధ్య తగిలితే వేలు కాలిపోతుంది. కొలతలు తీసేటప్పుడు బ్యాటరీ కలిపే ఉండాలి. వైరు కోసేటప్పుడు, కలిపేటప్పుడు మాత్రం నెగెటివ్ టెర్మినల్ ముందుగా విప్పండి. అప్పటిదాకా వెలిగిన హాలోజన్ బల్బును వెంటనే ముట్టుకోవద్దు, చల్లారనివ్వండి.

మొదట లక్షణం చూడండి

బానెట్ ఎత్తకముందే బండిని గోడకు ఎదురుగా నిలిపి లైట్లు వేసి చూస్తే సగం విషయం తెలిసిపోతుంది.

ఒకే వైపు లైటు పోయిందంటే ఆ వైపు బల్బు, ఆ వైపు ఫ్యూజు, హోల్డరు, లేదా ఆ వైపు ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగిపోయే దారి). రెండు వైపులా లో బీమ్ ఒకేసారి పోయి, హై బీమ్ మాత్రం వెలుగుతోందంటే బల్బులను అనుమానించకండి. రెండు ఫిలమెంట్లు ఒకే రోజు కాలిపోవడం అరుదు. స్టీరింగ్ కింది కాంబినేషన్ స్విచ్చో, రిలేనో (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు పెట్టె) చూడాలి. రెండు లైట్లూ సమానంగా మసకగా ఉంటే బ్యాటరీ, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో), స్విచ్చు కాంటాక్టులు, లేదా రెండింటికీ కలిపి వచ్చే వైరు. రేస్ ఇచ్చినకొద్దీ వెలుతురు పెరిగి, స్లోలో తగ్గిపోతుంటే ఛార్జింగ్ సంగతి ముందు చూడాలి. ఇండికేటరు వేస్తే హెడ్‌లైటు కూడా దానితోపాటు కొట్టుకుంటుంటే, డ్యాష్‌బోర్డులో హై బీమ్ నీలి దీపం లో బీమ్‌లో కూడా మసకగా వెలుగుతుంటే, దాదాపుగా ఎర్త్ సమస్యే.

బ్యాటరీ, ఛార్జింగ్

ఇంజను ఆపి, కొన్ని గంటలు నిలిపిన బండి బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగం మాత్రమే. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, లైట్లు వేసి, కాస్త రేస్ ఇచ్చి చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 13 దాటకపోతే ఫ్యాన్ బెల్టు వదులైందేమో చూడండి. బెల్టు బాగుంటే, "సెల్ఫ్, డైనమో పని చేయబడును" అని బోర్డున్న షాపుకు పోక తప్పదు. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరు పోయింది. అప్పుడు లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతాయి, కానీ బల్బులు నెలకొకటి చొప్పున పోతుంటాయి. వోల్టేజి ఐదు శాతం పెరిగితేనే హాలోజన్ బల్బు ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మాటిమాటికీ బల్బు పోతోందని కంపెనీ మార్చి మార్చి కొనేవాళ్లు ఈ ఒక్క కొలత ముందు తీసుకోవాలి.

ఫ్యూజు

ఫ్యూజు పెట్టె మూత మీద ఏది దేనికో రాసి ఉంటుంది. చాలా బండ్లలో ఎడమ, కుడి హెడ్‌లైట్లకు వేర్వేరు ఫ్యూజులు. పీకి, వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి. తీగ తెగకపోయినా కాళ్లు నల్లబడి, ప్లాస్టిక్ కాస్త కరిగి ఉంటే అక్కడ పట్టు వదులైందని అర్థం. ఫ్యూజొక్కటే మార్చి ఊరుకుంటే మళ్లీ అదే అవుతుంది. లోపలి క్లిప్పు కూడా శుభ్రం చేసి బిగుతు చేయాలి.

ఎరుపు ఫ్యూజు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పోయినదాని రంగే మళ్లీ వేయండి. దారిలో దొరకలేదని సిగరెట్ పెట్టె రేకు చుట్టి పెట్టడం, రాగి తీగ వేయడం మాత్రం దయచేసి చేయకండి. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది. ఆ వైరు పక్కనే పెట్రోలు పైపు ఉండవచ్చు.

కొత్త ఫ్యూజు కూడా వెంటనే ఎగిరిపోతుంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. ఇక్కడ టెస్ట్ ల్యాంపు గొప్పగా పనికొస్తుంది. ఫ్యూజు తీసి, దాని రెండు క్లిప్పుల మధ్య టెస్ట్ ల్యాంపు కలపండి. రెండు హెడ్‌లైటు బల్బుల వెనక వైర్లతో గుచ్చి ఉండే కప్లర్లూ పీకేయండి. ఇప్పుడు స్విచ్చు వేస్తే దీపం వెలగకూడదు. నిండుగా వెలిగితే షార్ట్ ఉన్నట్టే. దీపాన్ని వెలగనిచ్చి, వైరింగును ఒక్కో చోట పట్టుకుని మెల్లగా కదిలించండి. ఎక్కడ కదిలిస్తే దీపం ఆరుతుందో అక్కడే తప్పుంది. రేడియేటరు పక్కన ఇనుప అంచుకు రాసుకునే చోటు, బ్యాటరీ ట్రే కింద, హెడ్‌లైటు వెనక వైరు మలుపు తిరిగే చోటు ముందు చూడండి. వానాకాలం తర్వాతైతే ఎలుకలు కొరికిన చోట్లు కూడా. చెట్టు కింద రోజుల తరబడి నిలిపే బండ్లకు ఈ బెడద ఎక్కువ.

బల్బు, హోల్డరు

మన పాత కార్లలో ఎక్కువ వాటికి హెచ్4 బల్బు, 60/55 వాట్లది. హై బీమ్ 60, లో బీమ్ 55. వెనక రబ్బరు బూటు తీసి, స్ప్రింగు క్లిప్పు వదులు చేసి బల్బు బయటికి తీయండి. గాజును వేళ్లతో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటినచోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిటుతో తుడవండి. ఫిలమెంటు తెగిందేమో కంటితో చూడవచ్చు, గాజు లోపల వెండిరంగు పొరో నల్లటి పొరో పట్టి ఉంటే మార్చేయవచ్చు.

బల్బు కంటే హోల్డరును ఎక్కువసేపు చూడండి. మూడు పిన్నుల కప్లరులో ఒకచోట ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉందా? పిన్ను మీద ఆకుపచ్చ చిలుము ఉందా? కప్లరు లాగితే బిగుతుగా వస్తోందా, వేలితో తోస్తే ఊడిపోతోందా? కాలిన కప్లరును సాండ్ పేపరు పెట్టి రుద్ది మళ్లీ వాడకండి. వేడికి పిన్ను స్ప్రింగు గుణం పోయి ఉంటుంది, మళ్లీ వదులవుతుంది. పింగాణీ హోల్డర్లు ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి, అవి వేడికి కరగవు. వైర్లు కలిపేటప్పుడు మెలిపెట్టి టేపు చుట్టేయడం కాకుండా, టంకం వేసో క్రింప్ చేసో, పైన హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. మన ఎండాకాలంలో టేపు జిగురు కరిగి జారిపోతుంది.

మీ బండిలో స్విచ్చు ఏ వైపు ఉంది?

ముందుకు పోయేముందు ఇది తెలుసుకోవాలి. కొన్ని బండ్లలో స్విచ్చు పాజిటివ్‌ను కలుపుతుంది, బల్బు ఎర్త్ బాడీకి శాశ్వతంగా ఉంటుంది. మరికొన్నిటిలో, ముఖ్యంగా జపాన్ డిజైన్ బండ్లలో, బల్బుకు పాజిటివ్ ఉమ్మడిగా వచ్చి, లో, హై బీమ్ మార్చే డిప్పర్ స్విచ్చు నెగెటివ్ వైపు ఉంటుంది. ఇది తెలియక పనిచేస్తే లేని సమస్యలు కనిపిస్తాయి.

బల్బు కప్లరు పీకి, లైటు వేసి, కప్లరు పిన్నులను ఒక్కొక్కటిగా బాడీతో కొలవండి. లో బీమ్‌లో ఒక పిన్ను మీద, హై బీమ్‌లో ఇంకో పిన్ను మీద 12 వోల్టులు వస్తే పాజిటివ్ స్విచ్చింగ్. రెండింటిలోనూ ఒకే పిన్ను మీద 12 వోల్టులు కనిపిస్తే నెగెటివ్ స్విచ్చింగ్.

అసలు పరీక్ష: లైటు వెలుగుతుండగా కొలవడం

చాలామంది తప్పుదోవ పట్టేది ఇక్కడే. కప్లరు పీకి మీటరు పెడతారు, 12.5 చూపిస్తుంది, "వైరింగు బాగుంది" అని మూసేస్తారు. మీటరు తీసుకునే కరెంటు దాదాపు ఏమీ ఉండదు. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా 12.5 చూపిస్తుంది. బల్బు మాత్రం దగ్గరదగ్గర ఐదు ఆంపియర్లు లాగుతుంది, అప్పుడే ఆ ఒక్క పోగు బండారం బయటపడుతుంది. పొలం మోటరుకు సన్న పైపు వేసినట్టే: నల్లా మూసి ఉన్నంతసేపు పైపులో ఒత్తిడి బాగానే ఉంటుంది, విప్పితే ధార రాదు.

కాబట్టి ఇంజను స్టార్ట్ చేసి, లో బీమ్ వేసి, కప్లరు బల్బుకు పెట్టే ఉంచి కొలవండి. కప్లరు వెనక వైరు లోపలికి దిగే సందులోంచి మీటరు సూదిని మెల్లగా లోహానికి తగిలేదాకా దించండి. వైరు మీది ప్లాస్టిక్‌ను పొడవకండి, ఆ బెజ్జంలోంచి వాన నీరు దిగి రాగి కుళ్లిపోతుంది.

మూడు కొలతలు తీసుకుని కాగితం మీద రాసుకోండి.

1. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య ఎంత, బల్బు వెలుగుతున్న ఫిలమెంటు రెండు పిన్నుల మధ్య ఎంత.
2. మీటరు ఎర్ర సూది బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల సూది బల్బు పాజిటివ్ పిన్ను మీద. ఇది పాజిటివ్ దారిలో పోతున్న వోల్టేజి.
3. ఎర్ర సూది బల్బు నెగెటివ్ పిన్ను మీద, నల్ల సూది బ్యాటరీ నెగెటివ్ మీద. ఇది వెనక్కి వచ్చే దారిలో పోతున్నది.

ఉదాహరణకు బ్యాటరీ దగ్గర 13.9, బల్బు దగ్గర 11.6 వచ్చిందనుకోండి. పోయింది 2.3 వోల్టులు. అంటే వెలుతురు దాదాపు సగమే. రెండో కొలత 1.7, మూడోది 0.6 అయితే లెక్క సరిపోయింది: రెండు దారుల్లోనూ తప్పుంది, పాజిటివ్‌లో ఎక్కువ. మొత్తం అర వోల్టు లోపు పోతుంటే పాత బండికి అది మంచి స్థితి. వోల్టు దాటితే వదిలిపెట్టకూడదు.

ఎంత పోతుందో తెలిశాక, ఎక్కడో వెతకడం సులువు. ఒక సూదిని బ్యాటరీ మీదే ఉంచి, రెండోదాన్ని బల్బు దగ్గర నుంచి వెనక్కి ఒక్కో మజిలీకి జరపండి: కప్లరు, మధ్యలో జాయింటు, రిలే ఉంటే రిలే, ఫ్యూజుకు అటు, ఇటు. సంఖ్య ఒక్కసారిగా ఎక్కడ పడిపోతుందో, ఆ రెండు చోట్ల మధ్యే దొంగ ఉన్నాడు.

ఎర్త్

మూడో కొలత 0.2 వోల్టు దాటిందంటే, పాజిటివ్ స్విచ్చింగ్ బండిలో నేరుగా ఎర్త్ వెతకండి. హెడ్‌లైటు దగ్గర నల్ల వైరు ఒక లగ్గుతో బాడీకి బోల్టు వేసి ఉంటుంది. పదిహేనేళ్ల వానలకు ఆ లగ్గు కింద తుప్పు పట్టి ఉంటుంది. పైకి బిగుతుగానే కనిపిస్తుంది. బోల్టు విప్పి, లగ్గును, కింది రేకును మెరిసేదాకా రుద్దండి. బాడీ రంగు కూడా పోవాలి, రంగు మీద ఎర్త్ రాదు. కలిపి బిగించాక పైన వాజిలైను రాయండి. ముందు రాస్తే కాదు, బిగించాకే.

బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి వెళ్లే దొడ్డు వైర్లనూ అలాగే శుభ్రం చేయండి. ఇంజను బాగు చేసినప్పుడు ఈ రెండో వైరును తిరిగి పెట్టడం మర్చిపోయిన బండ్లు కూడా ఉంటాయి. అనుమానం తీరకపోతే బల్బు నెగెటివ్ పిన్ను నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు దొడ్డు వైరు ఒకటి తాత్కాలికంగా పట్టి చూడండి. లైటు ఒక్కసారిగా తెల్లబడితే జవాబు దొరికినట్టే. నెగెటివ్ స్విచ్చింగ్ బండికి మాత్రం ఈ పరీక్ష మరో అర్థం ఇస్తుంది: ఆ దారిలో డిప్పర్ స్విచ్చు కూడా ఉంది కాబట్టి తప్పు స్విచ్చుదీ కావచ్చు.

ఎర్త్ పూర్తిగా తెగిపోతే విచిత్రాలు జరుగుతాయి. కరెంటు లో ఫిలమెంటు గుండా పోయి, దారి లేక అదే బల్బు హై ఫిలమెంటులోకి ఎక్కి, అటు నుంచి రెండో వైపు బల్బు గుండా ఎర్త్‌కు చేరుతుంది. నీలి దీపం మసకగా వెలిగేది అందుకే.

2023 జులై వరదల్లో వరంగల్, హన్మకొండ కాలనీల్లో కార్లు నీటిలో నిలిచాయి. సెకండ్ హ్యాండులో బండి కొన్నవాళ్లు హెడ్‌లైటు పని మొదలుపెట్టేముందు కింది ఎర్త్ పాయింట్లన్నీ ఒకసారి విప్పి చూసుకోవడం మంచిది.

స్విచ్చు, రిలే

మారుతి 800 లాంటి పాత బండ్లలో హెడ్‌లైటు కరెంటంతా, రెండు బల్బులకు కలిపి తొమ్మిది పది ఆంపియర్లు, స్టీరింగ్ కింది స్విచ్చు గుండానే పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి కాంటాక్టులు నల్లబడతాయి. లైటు వేసి పది నిమిషాలాగి స్విచ్చు కాడను, దాని మొదలును ముట్టుకోండి. వెచ్చగా ఉంటే, లేదా కాడను కాస్త పైకో కిందికో నెడితే వెలుతురు మారుతుంటే, స్విచ్చు అయిపోవచ్చింది. కొత్త స్విచ్చు వేసినా కొన్నేళ్లకు ఇదే కథ. శాశ్వత పరిష్కారం రిలే.

రిలే ఉంటే బల్బుల కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వెళ్తుంది. స్విచ్చు మీద రిలే కాయిలుకు కావలసిన కొద్ది కరెంటు మాత్రమే పడుతుంది. రిలే అడుగున 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. లో బీమ్‌కు ఒక రిలే, హై బీమ్‌కు ఒకటి కావాలి. పాజిటివ్ స్విచ్చింగ్ బండిలో ఇలా కలపండి: బ్యాటరీ పాజిటివ్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరం లోపే ఫ్యూజు, అక్కడి నుంచి 30కి. 87 నుంచి బల్బులకు. పాత లో బీమ్ వైరు 86కు, 85 ఎర్త్‌కు. ఒక్కో రిలేకు విడిగా 15 ఆంపియర్ల ఫ్యూజు పెడితే, ఒకటి ఎగిరినా రెండో బీమ్ మిగిలి ఉంటుంది. అడవి దారిలో ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది. బల్బుల ఎర్త్‌కు కూడా కొత్త దొడ్డు వైరు వేయండి.

షాపులో ముందే కట్టిన వైర్ల కట్టలు, అంటే రెడీమేడ్ హార్నెస్‌లు దొరుకుతాయి, అవి సాధారణంగా పాజిటివ్ స్విచ్చింగ్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మీది నెగెటివ్ స్విచ్చింగ్ అయితే కాయిలు ఒక కొసను ఉమ్మడి పాజిటివ్ వైరుకు, రెండో కొసను స్విచ్చు నుంచి వచ్చే వైరుకు కలపాలి. వైరింగు అలవాటు లేకపోతే ఈ ఒక్క పని ఆటో ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. అన్నకు పనికిముందే మీ కొలతల కాగితం చూపించండి, "లైటు తక్కువొస్తుంది" అని చెప్పేదానికంటే పని తొందరగా తెములుతుంది. రిలేలను రేడియేటరు వెనక, నీళ్లు చిందే చోట కాకుండా, కాళ్లు కిందికి ఉండేలా బిగించమనండి.

ఇప్పటికే రిలే ఉన్న బండిలో లైటు వేసినప్పుడు టిక్కుమని వినపడి, బల్బు వెలగకపోతే 30 దగ్గర కరెంటు ఉందా, 87కు వస్తోందా చూడండి. 30కి వచ్చి 87కు రాకపోతే రిలే కాంటాక్టులు కాలాయి. టిక్కు కూడా లేకపోతే కాయిలుకు కరెంటు రావడం లేదు.

100/90 వాట్ల బల్బుల గురించి

వద్దు. పాత వైరింగు, పాత హోల్డరు, పాత స్విచ్చు 60/55 కోసం చేసినవి. 100 వాట్లకు ఒక్కో బల్బు ఎనిమిది ఆంపియర్లకు పైగా లాగుతుంది. వైరులో పోయే వోల్టేజి ఇంకా పెరుగుతుంది, హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టరు పూత పోతుంది. ఎదుటివాడి కళ్లు మూసుకుపోతాయి. మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు మీద వరుసగా ఎదురొచ్చే బండ్ల మధ్య నడిపినవాళ్లకు ఆ బాధ తెలుసు. హాలోజన్ రిఫ్లెక్టరులో పెట్టే చవక ఎల్‌ఈడీ బల్బులదీ అదే తంతు. వెలుగు వచ్చే చోటు ఫిలమెంటు ఉండే చోటుతో కలవక కాంతి చెదురుతుంది. పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఆర్టీఏ దగ్గరికి బండి తీసుకుపోయేటప్పుడు కూడా కంపెనీ ఇచ్చిన రకం బల్బే ఉండటం మంచిది. పూర్తి వోల్టేజి అందుకున్న 60/55 బల్బు ఎంత వెలుగునిస్తుందో రిలే వేసిన రాత్రే మీకు కనిపిస్తుంది.

గ్లాసు పసుపెక్కి ఉంటే సన్నటి సాండ్ పేపరుతో తడిపి రుద్ది పాలిష్ చేయించండి. పసుపు గ్లాసు వెనక ఎంత వోల్టేజి ఉన్నా లాభం లేదు.

చివరగా గురి

బల్బు, హోల్డరు మార్చాక గురి తప్పుతుంది. టైర్లలో గాలి సరిగా పెట్టి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, సమతలం మీద గోడకు ఐదు మీటర్ల దూరంలో బండి నిలపండి. నేల నుంచి హెడ్‌లైటు మధ్యభాగం ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దముక్కతో గీత గీయండి. దానికి ఐదు సెంటీమీటర్ల కింద ఇంకో గీత. లో బీమ్ వేస్తే వెలుతురు పై అంచు ఈ కింది గీత మీద పడాలి, ఎడమ పక్క మాత్రం కాస్త పైకి లేవాలి. ఒక లైటును అట్టముక్కతో కప్పి రెండోది సరిచేయండి, తర్వాత దాన్ని కప్పి మొదటిది. హెడ్‌లైటు వెనకనున్న రెండు మరల్లో ఒకటి పైకీ కిందికీ, ఇంకోటి పక్కలకూ తిప్పుతుంది. పాత బండ్లలో ఈ మరలు తుప్పుతో పట్టేసి ఉంటాయి, బలవంతం చేస్తే ప్లాస్టిక్ పట్టు విరుగుతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచి, తెల్లవారి తిప్పండి.